వాడిన ట్రాక్టరు భాగాల పునర్నిర్మాణం: తయారీదారులకు వ్యాపారం, రైతుకు సమయం

వరి పొలాలలో దమ్ము పనులు ముమ్మరంగా సాగే రోజులలో ట్రాక్టరు ఇంజను బోరుకు వస్తే రైతుకు రెండు విధాల నష్టం కలుగుతుంది. మరమ్మతు ఖర్చు మొదటిది, పని నిలిచిపోయిన రోజుల నష్టం రెండవది. ఇంజను విప్పి, సిలిండర్లు బోరు చేయించి, విడిభాగాలు సమకూర్చుకొని తిరిగి బిగించేలోగా నారు ముదిరిపోవచ్చును. అదే సమయంలో, కొత్తదానితో సమానంగా సిద్ధం చేసిన ఇంజనును డీలరు అందించి, పాడైన ఇంజనును బదులుగా తీసుకోగలిగితే రెండవ నష్టం చాలావరకు తప్పుతుంది. ఈ మార్పిడికి ఆధారమైన పారిశ్రామిక విధానమే రీమాన్యుఫాక్చరింగ్. దీనిని తెలుగులో పునర్నిర్మాణం అనవచ్చును.

మరమ్మతుకు, పునర్నిర్మాణానికి తేడా

మరమ్మతులో చెడిన భాగాన్ని మాత్రమే సరిచేస్తారు. ఓవర్‌హాలింగ్‌లో ఇంజనును విప్పి, అరిగినట్లు కనిపించిన భాగాలను మారుస్తారు. అయితే ఫలితం మెకానిక్ నైపుణ్యంపై ఆధారపడి ఉంటుంది. పునర్నిర్మాణంలో వాడిన వస్తువును పూర్తిగా విడదీసి, ప్రతి భాగాన్ని శుభ్రపరచి, కొలిచి, తయారీదారు నిర్దేశించిన కొలతలకు తెచ్చి, తిరిగి కూర్చి పరీక్షిస్తారు. కొత్త వస్తువుకు ఇచ్చే హామీతో సమానమైన హామీ ఇవ్వడం దీని ముఖ్య లక్షణం. బ్రిటన్ ప్రమాణాల సంస్థ 2010లో వెలువరించిన బి.ఎస్. 8887-220 ఈ ప్రక్రియకే ఉద్దేశించినది.

తుక్కుగా కరిగించడం దీనికి పూర్తిగా భిన్నమైనది. కరిగించినపుడు ఇనుము మాత్రమే మిగులుతుంది. ఆ ఇనుమును పోత పోయడానికి, తరిణె పట్టడానికి, సూక్ష్మమైన కొలతలకు మలచడానికి వెచ్చించిన శక్తి, శ్రమ వృథా అవుతాయి. ఇంజను బ్లాకులో అరుగుదల ప్రధానంగా సిలిండరు గోడలకే పరిమితం. మిగిలిన లోహం సాధారణంగా చెక్కుచెదరకుండా ఉంటుంది. లైనర్లు ఉన్న ఇంజనులో వాటిని మార్చి బ్లాకును తిరిగి వాడవచ్చును. క్రాంక్ షాఫ్ట్‌ను అయస్కాంత చూర్ణ పద్ధతిలో పగుళ్లకై పరీక్షించి, 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల మేర గ్రైండింగ్ చేసి, అందుకు తగిన బేరింగులు అమర్చవచ్చును. ఇంధన పంపును, నాజిళ్లను పరీక్షా బల్లపై సరిచూస్తారు. చివరగా ఇంజనును డైనమోమీటరుపై నడిపి శక్తిని, ఇంధన వినియోగాన్ని కొలుస్తారు.

మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పునర్నిర్మించిన కారు పెట్రోలు ఇంజనుకు కొత్త ఇంజనుకంటే 68 నుండి 83 శాతం తక్కువ శక్తి సరిపోయింది. కార్బన్ డయాక్సైడ్ విడుదల 73 నుండి 87 శాతం, ధర 30 నుండి 53 శాతం తగ్గాయి. ఈ అంకెలను ట్రాక్టరు డీజిల్ ఇంజనుకు యథాతథంగా అన్వయించరాదు. పొదుపు ఏ దిశలో ఉంటుందో మాత్రం ఇవి సూచిస్తాయి.

వ్యాపారంగా ఎదిగిన తీరు

అమెరికాలో క్యాటర్‌పిల్లర్ సంస్థ 1973లోనే ఈ రంగంలో ప్రవేశించింది. ట్రాక్టర్ల తయారీలో పేరొందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థకు మిస్సోరి రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఇంజన్ల పునర్నిర్మాణ కర్మాగారం ఉండేది. సంస్థ ఆర్థిక సంక్షోభంలో పడినపుడు, 1983లో జాక్ స్టాక్ నాయకత్వంలో 13 మంది ఉద్యోగులు దానిని కొనుగోలు చేశారు. వారు పెట్టిన సొంత సొమ్ము లక్ష డాలర్లు. తెచ్చిన అప్పు 89 లక్షల డాలర్లు. ఆ కర్మాగారం నిలదొక్కుకున్నది. అనంతరం జాన్ డీర్ సంస్థ ఆ సంస్థతోనే భాగస్వామ్యం కుదుర్చుకొని, క్రమంగా తన సొంత పునర్నిర్మాణ విభాగాన్ని అదే నగరంలో ఏర్పరచుకున్నది.

పాత వస్తువే ముడిసరుకు

ఈ వ్యాపారంలో ముడిసరుకు గని నుండి కాక రైతు కొట్టం నుండి రావాలి. పాత ఇంజను తిరిగి రాకపోతే కర్మాగారానికి పని ఉండదు. అందుకే తయారీదారులు డిపాజిట్ పద్ధతిని పాటిస్తారు. ఉదాహరణకు, కొత్త భాగం ధర 100 రూపాయలనుకుంటే, పునర్నిర్మించినదానికి 60 రూపాయల ధర, 20 రూపాయల డిపాజిట్ నిర్ణయించవచ్చును. పాత భాగాన్ని పగలకుండా, పూర్తిగా తెచ్చి ఇచ్చినవారికి ఆ 20 రూపాయలు తిరిగి లభిస్తాయి. తుక్కు వ్యాపారి ఇచ్చే ధరకంటే డిపాజిట్ ఎక్కువగా ఉన్నపుడే ఈ ఏర్పాటు సాగుతుంది.

కొత్త భాగాల అమ్మకం తగ్గుతుందన్న సందేహం తయారీదారులకు కలగడం సహజం. కానీ కొత్త భాగం కొనలేని రైతు ఎలాగూ నకిలీ విడిభాగాల వైపో, హామీ లేని మరమ్మతు వైపో మళ్లుతాడు. చేజారిపోయే అటువంటి కొనుగోలుదారును తిరిగి పొందడమే ఇందులోని అవకాశం. పైగా, తిరిగి వచ్చిన ప్రతి ఇంజనూ ఏ భాగం ఎన్ని గంటలకు అరిగిందో తెలియజేస్తుంది. సులభంగా విప్పదగిన రూపకల్పనకు ఆ సమాచారం తోడ్పడుతుంది.

పరిమితులు కూడా ఉన్నాయి. 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుండి కఠినమైన ఉద్గార ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. పాత ఇంజనును పునర్నిర్మించినా అది పాత ప్రమాణాల ఇంజనుగానే మిగులుతుంది. ఇంధన వినియోగంలో కొత్త నమూనా చాలా మెరుగైనదైతే పునర్నిర్మాణం లాభదాయకం కాకపోవచ్చును.

తెలుగు రాష్ట్రాలలో చేయదగినది

విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, పంపు సర్వీసింగ్ తెలిసిన పనివారికి కొదవ లేదు. లోపించినవి లిఖిత ప్రమాణం, కొలిచి చూపిన పరీక్షా ఫలితం, హామీ. ఈ మూడింటిని తయారీదారు సమకూర్చి, స్థానిక నైపుణ్యాన్ని కలుపుకొనవచ్చును. 2025 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన జీవితకాలం ముగిసిన వాహనాల నియమాలు వ్యవసాయ ట్రాక్టర్లకు, ట్రైలర్లకు, కంబైన్ హార్వెస్టర్లకు, పవర్ టిల్లర్లకు వర్తించవు. కావున పాత యంత్రాలను వెనక్కు తీసుకోవలసిన బాధ్యత ఆ నియమాల ద్వారా తయారీదారులపై పడదు. వ్యాపార ప్రయోజనమే వారిని ముందుకు నడిపించాలి.

ప్రారంభానికి కస్టమ్ హైరింగ్ కేంద్రాలు అనువైనవి. అక్కడి యంత్రాలు ఎక్కువ గంటలు పనిచేస్తాయి. గంటల లెక్క కూడా నమోదు చేయవచ్చును. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ అనుభవం పరీక్షా పద్ధతుల రూపకల్పనకు ఉపకరిస్తుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు మూడు విషయాలు తెలియజేయాలి. పాడైన ఇంజనును, పంపును విడగొట్టి తుక్కుకు అమ్మరాదు. నంబరు పలకను తొలగించరాదు. పునర్నిర్మించినదని చెప్పి అమ్మే వస్తువుకు పరీక్షా పత్రాన్ని, హామీ పత్రాన్ని తప్పక అడగాలి. ఆ పత్రాలు లేనిది రంగు వేసిన పాత ఇంజను మాత్రమే కావచ్చును. ఈ తేడాను గుర్తించగల రైతులు పెరిగినపుడే నాణ్యమైన పునర్నిర్మాణానికి గిరాకీ ఏర్పడుతుంది, దమ్ము రోజులలో పొలం పని ఆగకుండా సాగుతుంది.