సేవ చేసే చేతులకు రక్ష

అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో 1889లో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి ప్రారంభమైంది. అక్కడి శస్త్రచికిత్సాగారం బాధ్యతలు చూసిన నర్సు కరోలిన్ హాంప్టన్. చేతులను మెర్క్యురిక్ క్లోరైడు ద్రావణంతో శుద్ధి చేసుకోవడం ఆనాటి నియమం. సూక్ష్మజీవులను సంహరించే ఆ ద్రావణమే ఆమె చేతుల చర్మాన్ని దెబ్బతీసింది. ఆమె కార్యదక్షత ఎరిగిన శస్త్రవైద్యుడు విలియం హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీ చేత రెండు జతల పలుచని చేతితొడుగులు చేయించాడు. 1890లో వారిరువురూ దంపతులయ్యారు. అది వేరే కథ. ఒక నర్సు చేతుల కోసం పుట్టిన ఆ తొడుగును క్రమంగా అక్కడి శస్త్రవైద్యులూ ధరించసాగారు. రోగుల గాయాలకు చీము పట్టడం తగ్గిందని ఆ తరువాత గుర్తించారు.

రబ్బరు తొడుగు రసాయనాన్ని నిలువరిస్తుంది గాని గాజు అంచును, సూదిమొనను ఆపలేదు. నేటి నర్సుల చేతులకు తరచుగా గాయం చేసేవి ఈ రెండే.

ఇంజెక్షను మందు చెడకుండా ఉండడానికి 1886లో లిమూజిన్ అనే ఫ్రెంచి ఔషధ నిర్మాత గాజు ఆంప్యూల్‌ను రూపొందించాడు. గాజును కరిగించి మూసిన ఆ బుడ్డిని తెరవాలంటే మెడ విరవవలసిందే. పూర్వం చిన్న ఆకురాయితో మెడపై గీత పెట్టి విరిచేవారు. ఇప్పుడు తయారీలోనే గీత పెట్టి, దాని జాడ తెలియడానికి రంగుచుక్క వేస్తున్నారు. అయినా గాజు ఎల్లప్పుడూ గీత వెంబడే విరగదు. గట్టిగా నొక్కిన వేలు, మెడ ఒక్కసారిగా విరగగానే అదుపు తప్పి పదునైన అంచుమీదికి జారుతుంది. పగటి విధి ముగిసేలోగా ఎన్నో ఆంప్యూళ్లు విరిచే నర్సుకు “జాగ్రత్త” అన్న హితవు ఏపాటి రక్షణ?

ఇక్కడ కావలసింది ఒక చిన్న గొట్టం. దానిని ఆంప్యూల్ తలపై తొడిగి వంచితే, పొడవైన పిడి మీటగా పనిచేసి తక్కువ బలంతోనే మెడ విరుగుతుంది. వేళ్లు అంచుకు దూరంగా ఉంటాయి. విరిగిన తల గొట్టంలోనే నిలిచిపోతుంది. ఖాళీ సిరంజి నుండి దట్టాను తీసివేసి, ఆ గొట్టాన్నే ఇందుకు వాడుకొనే నర్సులున్నారు. ఇంతకన్న చక్కని రూపకల్పన పాఠం వేరొకటి అరుదు. అయితే ఆంప్యూళ్లన్నీ ఒకే కొలతలో ఉండవు. 1 మిల్లీలీటరు బుడ్డికి సరిపోయే రంధ్రంలో 10 మిల్లీలీటర్ల బుడ్డి తల పట్టదు. కనుక మంచి సాధనానికి వేరువేరు రంధ్రాలుండాలి, సులువుగా శుభ్రపడాలి, మందుల పళ్లెంలోనే ఇమడాలి. బీరువాలో దాచిన సాధనం లేనట్టే లెక్క.

‘ఉపకరణం’, ‘ఉపకారం’ ఒకే ధాతువు నుండి పుట్టిన మాటలు. ఉపకరించనిది ఉపకరణమెలా అవుతుంది?

సూదిపోటు మరింత ప్రమాదకరం. గాయం చిన్నదే, కాని వాడిన సూది ద్వారా హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్‌ఐవి సోకవచ్చు. మొదటిదానికి టీకా ఉంది. తక్కిన రెండింటికి లేదు. ప్రపంచంలోని మూడున్నర కోట్ల ఆరోగ్య కార్యకర్తలలో ఏటా సుమారు 20 లక్షల మంది వాడిగల వస్తువుల గాయాల వల్ల ఇటువంటి ప్రమాదానికి లోనవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నివేదికలో అంచనా వేసింది. వాడిన సూదికి రెండు చేతులతో మూత తొడగబోయినప్పుడు గురి తప్పిన సూది రెండవ చేతిలో దిగుతుంది. అందువల్ల మూత తొడగరాదన్నది నియమం. తప్పనిసరియైతే మూతను పళ్లెంలో ఉంచి, ఒక్క చేతితోనే సూదిని అందులోకి జొనపాలి.

2000లో అమెరికా చేసిన సూదిపోటు నివారణ చట్టం, సురక్షిత సాధనాలను ఎంపిక చేసేటప్పుడు రోగులకు స్వయంగా సేవచేసే సిబ్బంది అభిప్రాయం తీసుకోవాలని నిర్దేశించింది. మన దేశంలో 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం సూదులను గుచ్చుకుపోని తెల్లని డబ్బాలో వేయాలి. ఆ డబ్బా వరండా చివర ఉంటే, వాడిన సూదితో నర్సు నడిచే ప్రతి అడుగూ అపాయమే. అందుకే దానిని ఇంజెక్షను ఇచ్చే చోటనే, చేతికందే ఎత్తులో ఉంచాలి. నాలుగింట మూడు వంతులు నిండగానే మూసి మార్చాలి. పైదాకా నిండిన డబ్బాలోకి సూదిని నెట్టబోయే చేతికి లోపలి సూదులే గుచ్చుకుంటాయి.