అధికారానికి గిరి గీసే ప్రొఫెసర్

అమెరికా సుంకాల దెబ్బ మన భీమవరం రొయ్యల చెరువుల దాకా తగిలిన సంగతి తెలిసిందే. ఆ సుంకాలు చెల్లవంటూ 2025 ఏప్రిల్‌లో అక్కడి చిన్న వ్యాపారుల తరఫున కోర్టుకెక్కిన లాయర్లలో ఒకరు ఇల్యా సోమిన్. జార్జ్ మేసన్ యూనివర్సిటీలో 2003 నుంచి న్యాయశాస్త్రం చెబుతున్నారు.

సోమిన్ 1973లో సోవియట్ రష్యాలో పుట్టారు. 1979లో తల్లిదండ్రులతో అమెరికా వచ్చేశారు. ఆయన లిబర్టేరియన్. అంటే, సర్కారు పెత్తనం ఎంత తగ్గితే మనిషికి అంత మేలు అనే వాదం.

ఆయన పేరు వింటే నాకు ముందు గుర్తొచ్చేది కీలో కేసు. కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ లండన్‌లో సుజెట్ కీలో అనే నర్సుకు గులాబీ రంగు ఇల్లు ఉండేది. అభివృద్ధి పేరుతో నగర పాలకులు దాన్ని తీసుకుంటామన్నారు. 2005లో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో ‘తీసుకోవచ్చు’ అంది. ఇళ్లవాళ్లకు మద్దతుగా రచయిత్రి జేన్ జేకబ్స్ పేరిట కోర్టుకు వాదన రాసిచ్చింది సోమినే. కేసు పోయింది. ఇళ్లూ పోయాయి. చెప్పిన అభివృద్ధి మాత్రం రాలేదు. స్థలం ఏళ్ల తరబడి ఖాళీగానే ఉండిపోయింది. జనం మండిపడటంతో నలభైకి పైగా రాష్ట్రాలు చట్టాలు మార్చాయి. వాటిలో చాలా మార్పులు పైపూతలేనని 2015లో వచ్చిన ‘ది గ్రాస్పింగ్ హ్యాండ్’ పుస్తకంలో సోమిన్ తేల్చేశారు.

ఆయన ఏ పార్టీకీ పూర్తిగా కొరుకుడు పడరు. వలసలకు తలుపులు తెరవమంటే ట్రంప్ అభిమానులకు కోపం. సర్కారు ఖర్చు తగ్గించమంటే డెమోక్రాట్లకు కోపం. నాకూ అన్నీ నచ్చవు. సర్కారు బడి, సర్కారు ఆస్పత్రి లేకపోతే మన పల్లెల్లో పేదవాడి గతేంటి?

కానీ సుంకాల కేసులో ఆయన పట్టుకున్న పాయింటు గట్టిది. పన్ను వేసే హక్కు రాజ్యాంగం పార్లమెంటుకు, అంటే అక్కడి కాంగ్రెస్‌కు ఇచ్చింది. అధ్యక్షుడు ‘ఎమర్జెన్సీ’ అనేసి 1977 నాటి చట్టం చూపిస్తే సరిపోతుందా? చాలదని మేలో వాణిజ్య కోర్టు, ఆగస్టులో 7-4తో అప్పీళ్ల కోర్టు చెప్పాయి. నవంబరులో సుప్రీంకోర్టులోనూ వాదనలు జరిగాయి.

మన దేశంలో ఆస్తి హక్కు 1978లో, 44వ సవరణతో, ప్రాథమిక హక్కుల జాబితా నుంచి పోయింది. భూసేకరణ నోటీసు అందుకున్న రైతుకు ఆ తేడా ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. మనకు నచ్చిన నాయకుడి చేతికి హద్దుల్లేని అధికారం ఇచ్చేముందు ఒక్కటి ఆలోచించాలి: రేపు ఆ కుర్చీలో నచ్చనివాడు కూర్చుంటే?