కట్నం ఇచ్చేస్తే కూతురి వాటా తీరిపోతుందా?

తండ్రి పెద్దకర్మ ముగిసి చుట్టాలు ఇంకా కదలకముందే ఆడపిల్లల ముందుకు స్టాంపు పేపరు వస్తుంది. "పొలం నా పేరు మీదికి మార్పించుకోవాలి, ఇక్కడో సంతకం పెట్టమ్మా. నీకు కట్నం ఇచ్చాంగా, ఇంకేం వాటా?" అంటాడు అన్న. ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషి చదవకుండానే సంతకం పెట్టేస్తుంది. ఊరూరా జరుగుతున్న అన్యాయమిది.

కట్నం ఇస్తే వాటా పోతుందని ఏ చట్టంలోనూ లేదు. కట్నం 1961 నుంచి నేరం. నేరాన్ని చూపించి హక్కు లేదనడం ఎక్కడి న్యాయం? హిందూ కుటుంబంలో తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆయన స్వార్జితంలో భార్యతో, కొడుకులతో పాటు కూతుళ్లకూ సమాన వాటా అని 1956 నాటి వారసత్వ చట్టమే చెప్పింది.

పిత్రార్జితం సంగతికొస్తే, ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో తెచ్చిన సవరణ కూతుళ్లకు పుట్టుకతో హక్కు ఇచ్చింది. కానీ 1985 సెప్టెంబరు 5 నాటికే పెళ్లయినవాళ్లను వదిలేసింది. 'పెళ్లయిన పిల్లకు రాదు' అన్న మాట నేటికీ ఊళ్లలో తిరగడానికి అదో కారణం. 2005 కేంద్ర సవరణలో ఆ తేడా లేదు. 'నాన్న 2005కు ముందే పోయాడు కాబట్టి నీకు రాదు' అనే వాదనకూ సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తెర దించింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంచుకున్న ఆస్తిని మాత్రం తిరగతోడలేరు. 'ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నాం' అంటే కోర్టు అంత తేలిగ్గా నమ్మదు.

'నాన్న తన సంపాదనంతా కొడుక్కే రాసిచ్చాడు' అంటే మాత్రం, మనసుకు కష్టమైనా ఒప్పుకోవాలి. స్వార్జితం ఆయన ఇష్టం. పిత్రార్జితంలో మాత్రం ఆయన రాయగలిగింది తన వాటా వరకే.

మిగతావి క్లుప్తంగా: రెవెన్యూ రికార్డులో ఒకరి పేరు ఎక్కినంత మాత్రాన మిగతా వారసుల వాటా పోదు. బ్యాంకు ఖాతాకు నామినీ అంటే డబ్బు తీసుకునే మనిషే, దానికి వారసుడు కాదు. వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలి గానీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

అమ్మా, పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయం నాకు తెలియనిది కాదు. తెలిసి వదులుకుంటే అది మీ ఇష్టం. లేదనుకుని వదులుకోకండి. కాగితం మీద 'హక్కు విడుదల' అని ఉందేమో చూడండి. అది రిజిస్టరైతే రద్దు చేయించడం చాలా కష్టం. ఫొటో తీసుకుని, వారం గడువు అడగండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో మీ పేరుందో లేదో, ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) ఏం నమోదైందో కనుక్కోండి. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లందరికీ ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.