మామిడి రైతుకు గాలివాన హెచ్చరిక.. చిప్ మారితే లెక్క మారుతుందా?

ఏప్రిల్, మే వచ్చిందంటే నూజివీడు మామిడి రైతు చూపంతా ఆకాశం మీదే. కోతకొచ్చిన చిన్నరసాలు, బంగినపల్లి ఒక్క ఈదురుగాలికి నేల రాలిపోతాయి. రాలిన కాయకు రేటు పలకదు. ముందే కబురందితే ఒకరోజు ముందుగా కోసుకోవచ్చు.

ఆ కబురు వెనకున్నది సూపర్ కంప్యూటర్. పుణెలోని అర్క, నోయిడాలోని అరుణిక 2024 సెప్టెంబర్ 26న ప్రారంభమయ్యాయి. అర్క సాయంతో నడిచే భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 6 కిలోమీటర్ల గడులతో అంచనాలు ఇస్తోంది. ఈ రెండు యంత్రాల్లో ఉన్నవి ఏఎండీ ప్రాసెసర్లు. మరోవైపు సీ-డాక్ 'ఔమ్' పేరుతో 96 కోర్ల ఆర్మ్ ప్రాసెసర్‌ను రూపొందిస్తోంది. రేపు వాతావరణ సాఫ్ట్‌వేర్ ఇలాంటి చిప్ మీదకు మారితే?

అసలు చిక్కు ఏంటి?

కొత్త చిప్ మీద ప్రోగ్రామ్ నడవడం వేరు, సరైన జవాబివ్వడం వేరు. కంప్యూటర్ దశాంశ సంఖ్యల్లో కొన్ని అంకెలే ఉంచుకుంటుంది. అందుకే కూడే వరుస మారితే చివరి అంకె మారొచ్చు. ఆర్మ్ చిప్‌లు ఒకేసారి ఎన్ని సంఖ్యల్ని లెక్కిస్తాయన్నది వెక్టార్ వెడల్పును బట్టి ఉంటుంది. జపాన్ ఫుగాకులో అది 512 బిట్లు. ఔమ్‌లో వాడే నియోవర్స్ వీ1 కోర్‌లో 256 బిట్లే.

చివరి అంకెదేముందిలే అనుకోవద్దు. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ 0.506127 బదులు 0.506 అని ఇస్తే, కంప్యూటర్ కాసేపటికి పూర్తిగా వేరే వాతావరణం చూపించింది.

అలాగని ప్రతి తేడానూ 'చివరి అంకె' ఖాతాలో వేయలేం. సీ భాషలో 'క్యార్' రకం సంఖ్యను లినక్స్ మీద ఇంటెల్, ఏఎండీ చిప్‌లు మైనస్‌తో సహా చదువుతాయి. ఆర్మ్ మాత్రం మామూలుగా మైనస్ లేకుండా చదువుతుంది. 'డేటా లేదు' అనడానికి -1 రాసుంటే అది 255 అయిపోతుంది. ఇది అచ్చంగా తప్పే.

టెస్టింగ్ ప్లాన్ ఎలా ఉండాలి?

* కోడ్ మారిన ప్రతిసారీ: రెండు రకాల చిప్‌ల మీదా కంపైల్ చేసి, నిమిషాల్లో అయిపోయే చిన్న టెస్టులు.

* రోజూ రాత్రి: ప్రారంభ విలువల్ని కాస్త కాస్త మార్చి పాత చిప్ మీద ఒకే అంచనాను పలుమార్లు నడపాలి. ఆ ఫలితాల హద్దుల్లోనే ఆర్మ్ ఫలితం పడాలి. దాటితే అలారం.

* వారానికోసారి: పూర్తి స్థాయి పరుగు, టైమ్ లెక్క. ఆలస్యమైతే అదీ ఫెయిలే. వాన వెలిశాక హెచ్చరిక ఎందుకు?

ఔమ్ వచ్చేదాకా ఆగాలా?

అక్కర్లేదు. అమెజాన్ గ్రావిటన్3లోనూ ఉన్నది ఇదే నియోవర్స్ వీ1 కోర్. దాన్ని క్లౌడ్‌లో వాడినంతసేపటికే అద్దె కట్టి వాడుకోవచ్చు. డబ్ల్యూఆర్‌ఎఫ్ లాంటి వాతావరణ మోడల్ కోడ్ అందరికీ ఉచితం. అంటే నూజివీడు ట్రిపుల్ ఐటీ విద్యార్థులూ ఈ టెస్టులు ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. తప్పు ల్యాబ్‌లోనే దొరికితే సరిచేసుకోవచ్చు. హెచ్చరికలో బయటపడితే నష్టపోయేది రైతే.