కణం ఊపిరి, కణం విభజన: అపోహలు – వాస్తవాలు

బడి పుస్తకాల్లో కణవిభజన ఒక పాఠం, శ్వాసక్రియ వేరే పాఠం. రెండింటినీ కలిపి చెప్పే పేజీ కనిపించదు. ఆ ఖాళీలో చేరిన తప్పుడు నమ్మకాలు చాలామందికి డిగ్రీ దాకా వెంట వస్తాయి. ఏకకణ జీవుల్ని దగ్గరగా పరిశీలిస్తే ఆ నమ్మకాల్లో ఒక్కటీ నిలబడదు.

అపోహ: అంతర్దశ, అంటే రెండు విభజనల మధ్య కాలం, కణానికి విశ్రాంతి. కణం శక్తినంతా రెండుగా చీలేటప్పుడే ఖర్చుపెడుతుంది.

వాస్తవం: మైక్రోస్కోపులో క్రోమోజోముల కదలిక కనిపిస్తుంది, ప్రోటీన్ల తయారీ కనిపించదు. ఈ అపోహకు మూలం అదే. పెరుగుతున్న కణానికి శక్తి ఖర్చులో పెద్ద పద్దు ప్రోటీన్ల తయారీ, అది ప్రధానంగా సాగేది అంతర్దశలోనే. డెన్మార్క్ శాస్త్రవేత్త ఎరిక్ జాయ్‌టెన్ 1950లలో టెట్రాహైమినా అనే ఏకకణ జీవి కణాలు వాడుకునే ఆక్సిజన్‌ను అతి సున్నితమైన పరికరంతో కొలిచారు. అంతర్దశలో వాడకం పెరుగుతూ పోయింది. విభజన వేళకు ఆ పెరుగుదల ఆగింది తప్ప, ఒక్కసారిగా ఎగసిపడలేదు.

అపోహ: ఆక్సిజన్ అందనప్పుడే ఈస్ట్ చక్కెరను పులియబెడుతుంది. శ్వాస లేకపోతే కణం విభజన చెందలేదు.

వాస్తవం: గాలి తగిలితే పులియడం తగ్గుతుందని 1861లో లూయీ పాశ్చర్ చూపించారు. అది నిజమే కానీ సగం నిజం. చక్కెర పుష్కలంగా ఉంటే, గాలి ఎంత ఉన్నా బేకరీ ఈస్ట్ ఆల్కహాల్ తయారుచేస్తూనే ఉంటుంది. దీన్ని క్రాబ్‌ట్రీ ప్రభావం అంటారు. ఒక్కో గ్లూకోజ్ అణువుకు పులియబెట్టే దారిలో మిగిలేది రెండు ఏటీపీలే (కణంలో శక్తిని మోసే అణువులు), శ్వాస దారిలో అంతకు ఎన్నో రెట్లు వస్తాయి. అయినా ఈస్ట్ మొదటి దారి పడుతుంది, అది వేగంగా నడవడం అందుకు ఒక కారణం కావచ్చు. చక్కెర అయిపోయాక తాను చేసిన ఆల్కహాల్‌నే శ్వాసతో తిరిగి వాడుకుంటుంది. ఈస్ట్ కర్మాగారాల్లో మొలాసిస్‌ను ఒక్కసారిగా పోయకుండా కొద్దికొద్దిగా అందించడానికి కారణం ఇదే. చక్కెర ఎక్కువైతే ఈస్ట్ పెరుగుదలకు వెళ్లాల్సింది ఆల్కహాల్‌గా పోతుంది.

శ్వాస పూర్తిగా పోయిన ఈస్ట్ కూడా చావదు. 1949లో బోరిస్ ఎఫ్రుస్సీ ఫ్రాన్స్‌లో వర్ణించిన 'పెటీట్' రకాలకు శ్వాస శక్తి లేదు. గ్లూకోజ్ ఉన్నంతకాలం అవి విభజన చెందుతూనే ఉంటాయి, కాలనీలు మాత్రం చిన్నవిగా ఉంటాయి. మోనోసెర్కోమోనాయిడీస్ అనే ఏకకణ జీవికైతే, శ్వాస సాగే మైటోకాండ్రియానే అసలు లేదని 2016లో తేలింది.

అపోహ: శ్వాస ఎప్పుడూ ఒకే తీరుగా సాగుతుంది. లేదా విభజన గడియారం ఎలా చెబితే అలా నడుస్తుంది.

వాస్తవం: నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేది ఈ కథే. 2005లో అమెరికాలోని డల్లాస్‌లో బెంజమిన్ టూ, స్టీవెన్ మెక్‌నైట్ బృందం ఈస్ట్‌కు గ్లూకోజ్‌ను పరిమితంగా అందిస్తూ పెంచింది. ఆ కణాలు నాలుగైదు గంటలకోసారి మూకుమ్మడిగా ఆక్సిజన్‌ను వేగంగా వాడుకుని, మళ్లీ నెమ్మదించాయి. సగానికి పైగా జన్యువుల పని ఆ లయతోనే పెరుగుతూ తగ్గుతూ వచ్చింది. డీఎన్‌ఏ నకలు తయారవడం ఆక్సిజన్ వాడకం తగ్గిన వేళల్లో జరిగింది.

దీంతో 'ఆక్సీకరణ నుంచి డీఎన్‌ఏను కాపాడుకోవడానికే కణం ఊపిరి తగ్గించి నకలు తీస్తుంది' అన్న వివరణ బాగా ప్రచారమైంది. వినడానికి అందంగా ఉంది కానీ దాన్ని నియమంగా చెప్పకూడదు. ఇతర ఈస్ట్ రకాలను, వేర్వేరు పెరుగుదల వేగాలను పరీక్షించిన 2016 పరిశోధనలో డీఎన్‌ఏ నకలూ, ఉధృత శ్వాసా ఒకేసారి సాగిన సందర్భాలు దొరికాయి. పైగా టూ బృందం ప్రయోగంలోనే ప్రతి ఆవృత్తిలో కణాలన్నీ విభజన చెందలేదు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ పరిశోధకులు 2017లో ఒక్కో కణాన్నీ విడిగా గమనిస్తే, విభజన ఆగిన కణాల్లోనూ ఏటీపీ స్థాయి లయబద్ధంగా మారుతూనే ఉంది. అంటే జీవక్రియకు సొంత లయ ఉంది. విభజన దానికి జతకూడుతుంది. అదుపు ఒకవైపు నుంచే కాదు: విభజనను నడిపే సీడీకే ఎంజైము, దాచుకున్న ట్రెహలోజ్ చక్కెరను కరిగించే ఎంజైమును కూడా మేల్కొలుపుతుంది.

అపోహ: శ్వాస గొలుసు (మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ దాకా చేర్చే ప్రోటీన్ల వరుస) పని ఏటీపీ తయారీ ఒక్కటే.

వాస్తవం: దీనికి జవాబు మలేరియా పరాన్నజీవి దగ్గరుంది. 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో చూసిన జీవి ఇదే. ఫాల్సిపారం రకం మన ఎర్ర రక్తకణంలో సుమారు 48 గంటల్లో ఒకటి నుంచి పదుల సంఖ్యకు చేరుతుంది. ఆ దశలో శక్తి ఎక్కువగా గ్లూకోజ్‌ను లాక్టేట్‌గా మార్చడం నుంచే వస్తుంది. మరి మైటోకాండ్రియాలోని శ్వాస గొలుసు దేనికి? డీఎన్‌ఏకు కావలసిన పిరిమిడిన్ల తయారీకి. 2007లో శాస్త్రవేత్త అఖిల్ వైద్య బృందం, ఆ తయారీలో శ్వాస గొలుసు అవసరమయ్యే మెట్టును దానితో పనిలేకుండా దాటించే ఈస్ట్ జన్యువును పరాన్నజీవిలో ప్రవేశపెట్టింది. శ్వాస గొలుసును అడ్డుకునే అటోవాక్వోన్ మందు ఉన్నా ఆ పరాన్నజీవులు పెరిగాయి, విభజన చెందాయి. రక్తంలోని ఈ పరాన్నజీవిని అటోవాక్వోన్ చంపేది దాని శక్తిని హరించి కాదు, కొత్త డీఎన్‌ఏకు ముడిసరుకు అందకుండా చేసి.