మూతి నుండి మందు దట్టించే తుపాకులలో బిగుసుకుపోయిన బ్రీచ్ ప్లగ్: కారణాలు, తొలగింపు

మూతి వైపు నుండి మందు దట్టించే తుపాకులలో గొట్టం వెనుక కొనను మూసి ఉంచే మరచుట్ల ఇనుప బిరడాయే బ్రీచ్ ప్లగ్. 1853 నాటి ఎన్‌ఫీల్డ్ తుపాకిలోనూ అమరిక ఇదే. ఏళ్ల తరబడి విప్పని ప్లగ్ కదలకపోవడానికి తొలి బిగింపు కన్నా రసాయన చర్యే ముఖ్య కారణం. సురేకారం, బొగ్గు, గంధకం కలిసిన తుపాకిమందు కాలినప్పుడు సగానికి పైగా ఘనపదార్థంగా మిగులుతుంది. అందులోని పొటాషియం కార్బొనేట్ గాలిలోని తేమను పీల్చుకోగా, మరచుట్ల సందుల్లో తుప్పు పుట్టి రెండు లోహభాగాలనూ పట్టివేస్తుంది.

అయితే విప్పడానికి ముందు తేల్చవలసినది వేరొకటి ఉంది. 1863లో గెటిస్‌బర్గ్ యుద్ధభూమిలో ఏరిన సుమారు 27,500 తుపాకులలో 24,000 దాకా మందు దట్టించి ఉన్నవేనని నమోదైంది. పాత తుపాకి ఖాళీదని ఊహించడం ప్రాణాంతకం. మందు దట్టించే కడ్డీని గొట్టం అడుగు తాకేవరకు దించి, మూతి వద్ద గుర్తు పెట్టి, ఆ కొలతను గొట్టం వెలుపల పోల్చాలి. కడ్డీ కొన ప్లగ్ దాకా చేరక అంగుళమో రెండంగుళాలో ముందే ఆగితే లోపల మందు, గుండు ఉన్నట్లే భావించాలి. అటువంటి దానికి వేడి తగిలించరాదు, నిపుణునికే అప్పగించాలి.

ఖాళీదని తేలాక చాలామంది నూనెతో మొదలుపెడతారు. అది పొరపాటు. మందు కాలగా మిగిలిన లవణాలు నీటిలో కరుగుతాయి గాని నూనెలో కరగవు. కనుక గొట్టాన్ని కొయ్యభాగం నుండి వేరుచేసి, మొదట వేడినీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పిదప తుప్పులోకి ఇంకే పలుచని నూనెలో కొన్ని రోజులు నాననివ్వాలి. తరువాత గట్టికొయ్య దిమ్మెల నడుమ, ప్లగ్‌కు దగ్గరగా వైస్‌లో బిగించి, సరిగ్గా అతికే రెంచితో నిలకడగా తిప్పాలి. ప్రదర్శనశాలలోని తుపాకి ఖాళీగా, స్థిరంగా ఉంటే మాత్రం ప్లగ్‌ను విప్పవలసిన అవసరమే సాధారణంగా రాదు.