సాలీడు కాటుకు మిడత ఎందుకు కదలదు?

కృష్ణగిరి మామిడి తోటల్లో, హోసూరు గులాబీ తోటల కంచెల్లో కాళ్లు జతలు జతలుగా చాపి, గూడు నడుమ 'ఎక్స్' ఆకారంలో కూర్చునే సాలీడును విద్యార్థులు చూసే ఉంటారు. దాని శాస్త్రీయ నామం ఆర్జియోపి. గూటిలో మిడత పడితే ముందు దారంతో చుట్టి, తర్వాత కాటు వేస్తుంది. సీతాకోకచిలుక పడితే మాత్రం ముందే కాటు. పొలుసులు రాల్చుకుని జారిపోతుంది గదా!

నరం చివర నుంచి ఒక రసాయనం వెలువడి కండరాన్ని తాకితేనే అది ముడుచుకుంటుంది. పురుగుల్లో ఈ పని ప్రధానంగా గ్లూటమేట్‌ది. ఆర్జియోపి విషంలోని ఆర్జియోటాక్సిన్, గ్లూటమేట్‌కు తెరుచుకునే ద్వారాల్లో ఇరుక్కుంటుంది, తాళంలో పుల్ల విరిగినట్టు. నరం ఆజ్ఞ పంపుతుంది, కండరం కదలదు. జపాన్‌లో జోరో అనే సాలీడు విషం కూడా ఇలాగే పనిచేస్తుందని కవాయ్ బృందం 1982లో చూపింది.

మన కండరాలకు ఆజ్ఞ మోసేది వేరే రసాయనం, ఎసిటైల్‌కోలిన్. ఈ సాలీడు మనకు ప్రమాదకారి కాకపోవడానికి అదొక కారణం. విషం మోతాదూ స్వల్పమే.

తోటలకు కొట్టే క్లోర్‌పైరిఫాస్ వంటి మందుల సంగతి వేరు. అవి ఎసిటైల్‌కోలిన్‌ను తొలగించే ఎంజైమును అడ్డుకుంటాయి. ఆ ఎంజైము పురుగుకూ ఉంది, మందు కొట్టే నాన్నకూ ఉంది. పిచికారీ తర్వాత చెమటలు, వాంతులు, నోట చొంగ, కంటిపాప చిన్నదవడం కనిపిస్తే మందు డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డబ్బా మీద పేరు చూస్తే అట్రోపిన్ ఇవ్వాలా అన్నది డాక్టరు త్వరగా తేల్చుకుంటారు.